పాతదనం, అరవై శాతం

బేతంచెర్లలో పొద్దుగూకినాక
నాపరాళ్ల దుమ్ము కాస్త కిందికి దిగుతాది.
అప్పుడొస్తాడు మద్దిలేటి,
పాలిష్ మిషన్ కాడ పన్జేసే పిల్లోడు.
రెప్పల మీద ఇంకా తెల్లగా పొడి.
నా మైక్ సెట్ అంగడి మెట్టు మీద కూర్చుని
సెల్లులో పాట కడతాడు.

"మామా, ఇది సూడు" అన్నాడు నిన్న.
అద్దం మీద ఒక పెట్టె బొమ్మ.
మూలల్లో తుప్పు, అదీ బొమ్మే.
ఒక మరను మాత్రం వంకరగా గీసినారు,
ఎవరో విప్పబోయి వదిలేసినట్టు.
లోపల గోధుమరంగు టేపు గిర్రున తిరుగుతాంది,
ముట్టుకుంటే వేలికేమీ అంటదు.

ఒక గుండీ కింద రాసుంది: పాతదనం.
సున్నా నుంచి నూటిదాకా.
అరవైకి తిప్పినాడు.
వాడి డప్పు దెబ్బ కాస్త వణికి,
కాస్త బూజు పట్టి,
వాగు అవతలి గట్టున ఎవరో మళ్లీ కొట్టినట్టు
వెనక్కొచ్చింది.

నాకు నవ్వాగలేదు.
ముప్పై ఏండ్లు, నాయనా,
ఈ వణుకునే కదా నేను
స్పిరిట్లో దూది ముంచి తుడిచింది!
హెడ్డు మీద బంక, రోలరు మీద దుమ్ము
(ఈ ఊళ్లో దుమ్ముకేం కరువు),
ఆట మొదలయ్యే ముందర
నాటకాల మేనేజరు నెత్తిన నిలబడి తిట్టేవాడు:
"ఎకో జీరబోతాంది, దస్తగిరీ, కూలి కోస్తా."
కోసేవాడు కూడా.
ఆ కోసిన కూలికి ఇప్పుడొక పేరు పెట్టి
ఏడు రోజులు ఉచితం,
ఆ తర్వాత నూటా తొంభై తొమ్మిది.

ఇంకో గుండీ స్ప్రింగంట. ఇంకోటి ప్లేటంట.
"ఇనప రేకు వేలాడదీసి దాంట్లో గొంతు పోసేవాళ్లంట మామా."
పొద్దంతా రాతి పలకల మధ్య బతికేవాడు
ఇనప రేకును మెచ్చుకుంటాంటే
నేనేమనాల.

ఒక సంగతి మాత్రం చెప్పినా.

ముద్దవరం తిరునాళ. నడిరాత్రి.
రాజు వేషం రాగం తీసి పైకెక్కినప్పుడు
టేపు పుటుక్కున తెగింది.
గొంతు ఒంటిగా పోయి జనం మీద పడింది,
బట్టలు లేనట్టు.
నా చేతిలో బ్లేడు, అంటించే బిళ్ల, వణుకు.
తెర వెనక సుంకులమ్మ ఉంది,
చెలికత్తె వేషం, ఆటంతా కలిపి రెండే మాటలు ఆమెకి.
ఏమనుకునిందో ఏమో
రాజు వదిలిన ఆఖరి మాటను అందుకునింది.
ఒకసారి అనింది.
వెనక్కి పది అడుగులు నడిచి ఇంకోసారి.
కోసిన కందిచేలోకి పోయి, గజ్జెలు మోగకుండా పట్టుకుని,
మూడోసారి.
పద్యం పద్యానికీ అట్లనే,
తెల్లారేదాకా వస్తా పోతా.

జనం కనుక్కోలేదు.
మేనేజరు పొద్దున మెచ్చుకున్నాడు,
మిషన్ని.
నా కూలి నిండుగా ఇచ్చినాడు.
ఆమెకి నేను ఇరవై ఇచ్చినా.
కందికొయ్యలు గీరిన కాళ్లకు
అది చాలదని అప్పుడూ తెలుసు.

మద్దిలేటి వింటా వింటా గుండీలు వెతికినాడు.
ఆలస్యానికి ఒకటుంది. దూరానికి ఒకటుంది.
వెనక్కి నడిచేదానికి దొరకలేదు.

"ఆ మాటేంది మామా, రాజుది?"
మతికి రాలేదు.
మొదలు పోయి తోక మిగిలింది,
"...నమ్మా" అనో, "...రమ్మా" అనో.
"తోకే చెప్పు" అని మూతి కాడ సెల్లు పెట్టినాడు.
చెప్పినా. దగ్గొచ్చింది, దాన్నీ పట్టుకునింది.

గుండీ అరవై మీదే ఉంది.
వాడు ఒకసారి విని,
నా మొగం సూసి,
సున్నాకి తిప్పేసినాడు.
"నీకు అక్కర్లేదులే మామా."

రాత్రి షిఫ్టు రంపాలు మొదలైనాయి.
నేను షట్టరు దించినా.
అది ఎప్పట్లాగే
రెండుసార్లు మోగింది.